గోలకొండ గోరీల తోట: మరమ్మతు, ఇమారత్

గోలకొండ కోటకు ఉత్తరాన, బంజారా దర్వాజా దాటిన కొద్ది దూరంలో కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులున్నవి. 1518 నుండి 1687 వరకు రాజ్యమేలిన ఈ వంశంలో చివరివాడైన అబుల్ హసన్ తానీషా తప్ప తక్కిన పాలకులందరూ ఇక్కడే విశ్రమిస్తున్నారు. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రాహీం, హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ కులీ, ముగ్గురు సుల్తానుల కాలంలో రాజ్యపు బాగోగులు చూసిన హయాత్ బక్షీ బేగం, వీరి గోరీలతో పాటు సేనానుల, హకీముల, పేరు తెలియని అనేకుల గోరీలు కూడా ఈ ఆవరణలోనే కలవు. సుమారు 106 ఎకరాల నేలలో 40 సమాధి భవనాలు, 23 మసీదులు, మెట్ల బావులు, ఒక స్నానశాల ఉన్నవి. ఒకే రాజవంశానికి చెందిన ఇంతటి ఖబ్రస్తాన్ మన దేశంలో అరుదు.

2013 జనవరిలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టుకూ రాష్ట్ర పురావస్తు శాఖకూ ఒప్పందం కుదిరి, ఈ ఆవరణ పునరుద్ధరణ మొదలయింది. 2024 జూలై 28న పని ముగింపు ఉత్సవం జరిగింది. ఆ ఉత్సవంతో ఈ స్థలం ‘కుతుబ్ షాహీ హెరిటేజ్ పార్క్’ అనే పేరుతో ప్రజలకు పరిచయమయింది. శిల్పకళ దృష్టితో ఈ కృషిని పలువురు ఇదివరకే ప్రశంసించారు. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది వేరొక అంశం: పదేళ్లకు పైగా శ్రమించి బాగుచేసిన ఈ తోటను రేపటినుండి ఏ నియమం ప్రకారం, ఏ ధనంతో కాపాడుకోవాలి? ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉన్నది. ఆ సమాధానాన్ని గీటురాయిగా పెట్టుకొని జరిగిన పనిని, జరగవలసిన పనిని బేరీజు వేయడమే ఇక్కడి ప్రయత్నం.

1. జరిగిన పని

మొదట మెచ్చుకోదగిన వాటిని చెప్పుకోవాలి. ఇరవయ్యవ శతాబ్దంలో మరమ్మతుల పేరిట గుంబదులపైన, గోడలపైన సిమెంటు పూయడం జరిగింది. సిమెంటు గోడలోని తేమను బయటకు పోనివ్వదు. లోపల నిలిచిన తేమ ఉప్పును కరిగించి రాతిని, గచ్చును లోపలినుండే తినివేస్తుంది. పునరుద్ధరణలో ఆ సిమెంటు పొరలను ఒలిచివేసి, బెల్లం, మారేడు గుజ్జు వంటివి కలిపిన పాతకాలపు సున్నపు గచ్చును తిరిగి పూశారు. ఈ పనికి యంత్రాలకన్న మేస్త్రీల చేతులే ఆధారం. మరచిపోతున్న విద్య ఒకటి ఈ పదేళ్లలో మళ్లీ చేతికి వచ్చిందనడం అతిశయోక్తి కాదు.

2013 వానలలో ఒక భాగం కూలిపోయిన బడీ బావిని పూడిక తీసి, రాయి మీద రాయి పేర్చి నిలబెట్టారు. గోలకొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఆవరణను ఆనుకొని కొంతకాలం నడిచిన దక్కన్ పార్కు అనే వినోద ఉద్యానం స్థలం కూడా ఈ ప్రణాళికలో సమాధుల ఆవరణలో కలిసింది. ఇది మంచి నిర్ణయం.

అయితే, తెల్లగా మెరుస్తున్న కొత్త గచ్చును చూసి, ‘నాలుగు వందల ఏళ్ల కట్టడం నిన్న కట్టినట్టు కనబడుతున్నది, పాతదనపు గౌరవం పోయింది’ అని పెదవి విరిచినవారు లేకపోలేదు. ఈ విమర్శ సరి కాదని మా అభిప్రాయం. సున్నపు గచ్చు కట్టడానికి చర్మం వంటిది. ఎండను, వానను తాను భరించి లోపలి రాతిని కాపాడి, తాను అరిగిపోవడమే దాని పని. నల్లబడిన గోడలో మనం చూసి ముచ్చటపడే పాతదనం చాలవరకు నిర్లక్ష్యపు మరకయే. ఆ గచ్చు వేసిన నాటి సుల్తానులకు అది తెల్లగానే కనబడింది. అడగవలసిన ప్రశ్న, గచ్చు ఎందుకు కొత్తగా ఉన్నదని కాదు; ఇది అరిగిననాడు మళ్లీ ఎవరు పూస్తారు, అప్పటికి మేస్త్రీ మిగిలి ఉంటాడా, కూలి ఎక్కడినుండి వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

ఈ స్థలం చరిత్రయే ఆ ప్రశ్నను మన ముందుంచుతున్నది. 1687లో రాజ్యం పోయిన పిమ్మట ఈ గోరీలు చిరకాలం ఆదరణ లేక శిథిలమైనవి. పందొమ్మిదవ శతాబ్దంలో సాలార్‌జంగ్ చొరవతో మరమ్మతులు జరిగి, ప్రహరీలోపల తోట వేయబడింది. తరువాత మళ్లీ క్షీణత, మళ్లీ ఒక పెద్ద పునరుద్ధరణ. పెద్ద ఖర్చుతో ఒకసారి బాగుచేయడం, ఆపైన తరాల తరబడి వదిలివేయడం ఇక్కడ అలవాటుగా మారింది. ఈ వలయం తెగకపోతే 2024 ఉత్సవం కూడా ఆ వరుసలో ఒక తేదీగా మిగిలిపోతుంది.

2. తోట సంగతి

కట్టడాలపై చూపిన శ్రద్ధతో పోలిస్తే తోటపై జరిగిన చర్చ స్వల్పం. గుంబదుల చుట్టూ విశాలమైన పచ్చిక పరచడం మన చారిత్రక స్థలాలన్నింటిలో కనబడే పద్ధతి. ఇది దక్కను సంప్రదాయం కాదు. తాజ్ మహల్ తోటలో దట్టమైన చెట్లను తీసివేసి పచ్చిక మైదానాలు వేయించినది కర్జన్ ప్రభువు కాలపు ఆంగ్ల అభిరుచి. మొగలాయి తోటలోనూ, దక్కను తోటలోనూ ప్రధానమైనవి పండ్ల చెట్లు, నీడ, సువాసన గల పూలు, కాలువలలో పారే నీరు. ఆ తోట చూడడానికి మాత్రమే కాక తినడానికి, విశ్రమించడానికి కూడా పనికివచ్చేది. కొంత ఆదాయాన్నీ ఇచ్చేది. పచ్చికకు వేసవి పొడుగునా నీరు కావాలి, నెలనెలా కోత కావాలి. అది తిరిగి ఇచ్చేది ఏమీ లేదు. దానిమ్మ, సీతాఫలం, జామ, నిమ్మ, వేప వంటి చెట్లు వేళ్లూనిన తరువాత తక్కువ నీటితో బ్రతుకుతవి. నీరు అరుదైన గోలకొండ గుట్టలలో ఏది తగినదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మెట్ల బావుల ప్రాముఖ్యం గుర్తించవలసి ఉన్నది. ఈ ఆవరణను రూపొందించినవారు గుంబదుల కోసం, తోట కోసం, వుజూ కోసం కావలసిన నీటిని వాన నుండే పట్టి నిలువచేసే ఏర్పాటు చేసుకొన్నారు. బావి ఎంత ఇస్తుందో అంతే తోట. పునరుద్ధరింపబడిన బావులను కేవలం చూపుడు వస్తువులుగా ఉంచక, వాటి నీటికి తగ్గట్టుగానే మొక్కలను ఎంచుకొంటే బావి, తోట రెండూ బ్రతుకుతవి. తోటను బావికి మించి పెంచి, లోటును బోరు నీటితోనో, కొళాయి నీటితోనో పూడ్చుకొంటే పునరుద్ధరణ ఉద్దేశమే దెబ్బతింటుంది.

చెట్టు మేలు చేసినట్టే కీడూ చేయగలదు. పక్షులు తెచ్చి రాల్చిన రావి, మర్రి, జువ్వి విత్తనాలు గుంబదు పగుళ్లలో మొలకెత్తుతవి. వానలు వెలసిన వెంటనే ఒక మనిషి నిచ్చెన వేసుకొని రెండు వేళ్లతో పీకివేయగల మొలక అది. పదేళ్లు వదిలివేస్తే దాని వేరు రాళ్లను విడదీస్తుంది; అప్పుడు దానిని తీయడానికి సారువలు, ఇంజనీర్లు, లక్షల రూపాయలు కావాలి. ఈ ఒక్క ఉదాహరణలో మరమ్మతుకూ నిర్వహణకూ గల భేదమంతా ఉన్నది.

తోటను గురించి చెప్పవలసిన మరో మాట దాని మర్యాదకు సంబంధించినది. సందర్శకుని కన్ను పెద్ద గుంబదులపైననే నిలుస్తుంది. కాని వాటి అరుగులపైన, చెట్ల క్రింద గుంబదు లేని చిన్న గోరీలు ఎన్నో ఉన్నవి. గోరీలపై కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) నిషేధించిన విషయం ప్రామాణిక హదీసులలో ఉన్నది. సమాధులను సందర్శించమని, అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయని కూడా ఆయనే ఉపదేశించారు. ‘పార్కు’ అన్న పేరు వినివచ్చినవానికి అరుగు కనబడగానే కూర్చొని భోజనపు డబ్బా విప్పాలనిపించడం సహజం. అతనిని తప్పుపట్టి లాభం లేదు. నడిచే దారి, కూర్చొనే చోటు, గోరీల స్థలం వేర్వేరని తోట అమరికయే చెప్పాలి. మోకాలెత్తు పూలపొద ఒక్కటి నాలుగు హెచ్చరిక పలకలకన్న చక్కగా ఆ పని చేయగలదు.

3. ఇమారత్ అనే మాట

‘ఇమారత్’ అంటే ఉర్దూలోను, మన వాడుకలోను కట్టడం అని అర్థం. అరబ్బీలో ఆ ధాతువుకు అర్థం మరింత విశాలమైనది: జీవం పోయడం, నివాసయోగ్యం చేయడం, కళకళలాడేట్టు ఉంచడం. దివ్య ఖుర్ఆన్ తొమ్మిదవ సూరాలో మసీదులను ఆబాదుగా ఉంచేవారి ప్రసక్తి వచ్చినచోట ఈ ధాతువే వాడబడింది. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘ఇమారతుల్ వక్ఫ్’ అంటే వక్ఫ్ ఆస్తి పాడుకాకుండా నిత్యం కనిపెట్టుకొని ఉండడం. కట్టడం పూర్తయిన రోజున ఇమారత్ పూర్తికాదు. ఆ రోజున మొదలవుతుంది.

వక్ఫ్‌కు మూలాధారం హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు వచ్చిన భూమిని గురించి దైవప్రవక్త (స)ను సలహా అడిగిన ఉదంతం. మూలధనాన్ని అమ్మకుండా, దానం చేయకుండా కట్టిపెట్టి, దాని ఫలాన్ని మాత్రమే సత్కార్యాలకు వినియోగించమన్నది అక్కడి ఉపదేశ సారం. దీనినుండి హనఫీ పండితులు ఒక నియమాన్ని రాబట్టారు. వక్ఫ్ ఆదాయంలో మొదటి హక్కు ఆ ఆస్తి నిర్వహణకే చెందుతుంది. వక్ఫ్ చేసిన వ్యక్తి ఆ షరతు వ్రాసినా, వ్రాయకపోయినా సరే. మర్గీనానీ వ్రాసిన హిదాయా గ్రంథంలో ఇది స్పష్టంగా ఉన్నది. దీనికి కారణం సులభగ్రాహ్యం. దాత కోరినది శాశ్వత ఫలం. మూలం నశిస్తే ఫలం ఉండదు. కావున పేదల భోజనంకన్న, సేవకుల జీతాలకన్న ముందు పైకప్పు కారకుండా చూడాలి. అప్పుడే ఆ భోజనం, ఆ జీతాలు నూరేళ్ల తరువాత కూడా సాగుతవి.

గోలకొండ గోరీలు చట్టరీత్యా ఎవరి ఆస్తి అన్న చర్చలోకి ఈ వ్యాసం దిగడం లేదు. అవి ప్రభుత్వ రక్షణలోని పురాతన కట్టడాలు. ఇమారత్ నియమం యాజమాన్యానికి సంబంధించినది కాదు, నిర్వాహకుని బాధ్యతకు సంబంధించినది. ముతవల్లీ అయినా, ప్రభుత్వ శాఖ అయినా, ట్రస్టు అయినా, ఇతరుల సొత్తును కాపాడే చేతికి ఈ నియమం ఒకే విధంగా వర్తిస్తుంది.

4. తాజ్ మహల్ లెక్క

ఈ నియమం గ్రంథాలకే పరిమితమైన ఆదర్శమా, ఆచరణలో ఉండేదా అన్న సందేహం కలగవచ్చు. దీనికి మన దేశంలోనే ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. షాజహాను ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీ పాద్‌షా నామాలో తాజ్ మహల్‌కు 1643లో ఏర్పరచిన ఆదాయ వివరాలను నమోదు చేశాడు. ఆగ్రా ప్రాంతపు 30 గ్రామాలనుండి ఏటా 1 లక్ష రూపాయలు, సమాధిని ఆనుకొని ఉన్న బజారులు, సరాయిల అద్దెలనుండి 2 లక్షల రూపాయలు, మొత్తం 3 లక్షలు. అవసరమైనప్పుడు ఈ ఆదాయం మొదట మరమ్మతులకు, మిగిలినది సేవకుల జీతాలకు, పేదలకు పెట్టే ఆహారానికి వినియోగించాలని ఏర్పాటు.

ఈ లెక్కలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, ఖర్చు వరుస: హిదాయా చెప్పిన వరుసయే అది. రెండవది, ఆదాయం ఎక్కడ పుట్టిందన్నది. మూడింట రెండు వంతులు బజారులనుండి, సరాయిలనుండి వచ్చింది. అవి తోట గోడకు వెలుపల ఉన్నవి. అమ్మకం, బేరం, సందడి బయట. నిశ్శబ్దం, ప్రార్థన లోపల. బయటి సందడి లోపలి నిశ్శబ్దాన్ని పోషించింది. ఇది యాదృచ్ఛికం కాదు, ప్రణాళికలో భాగమే.

గోలకొండలోనూ ఇటువంటి ఏర్పాటు ఉండేదనడానికి ఆధారం ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, ఈ సమాధుల వద్ద ప్రతిదినం సాయంకాలం నాలుగు గంటలకు వచ్చిన పేదలందరికీ రొట్టె, పులావు పెట్టేవారని, పండుగ రోజులలో గోరీలపై విలువైన తివాచీలు పరచేవారని వ్రాశాడు. ప్రతిదినం పులావు వండాలంటే ప్రతిదినం బియ్యం రావాలి. దానివెనుక స్థిరమైన ఆదాయం ఉండితీరాలి. రాజ్యంతో పాటు ఆ ఆదాయం ఆగిపోయింది, పొయ్యి ఆరింది, ఆ వెనుకనే గోడలు పగిలినవి.

5. నేటికి అన్వయం

ముప్పై గ్రామాలను రాసియిచ్చే కాలం కాదిది. భూమిపైననే ఆధారపడిన పాత వక్ఫ్ పద్ధతి ఎంత బలహీనమైనదో ఈ సమాధులకు చేరువలోనే మనకు అనుభవం కలిగింది. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని చెప్పబడిన మణికొండలోని 1,654 ఎకరాల భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, కాగితం, లెక్క, నిరంతర పర్యవేక్షణ లేని భూమిని నమ్ముకొని ఏ సంస్థా నిశ్చింతగా ఉండజాలదు.

మరి ఏది మార్గం? సందర్శకుల టిక్కెట్టు డబ్బు మొదట గుర్తుకువస్తుంది. ప్రభుత్వ కట్టడాల విషయంలో ఈ డబ్బు ఖజానాలో కలిసి, బడ్జెటు కేటాయింపుగా తిరిగి రావడం సాధారణ పద్ధతి. ఈ రెండింటి నడుమ ఎన్నో ఇతర అవసరాలు పోటీపడతవి. వాటిలో పేదలకు సంబంధించినవీ ఉండవచ్చు. అయినప్పటికీ ఇమారత్ నియమం ప్రకారం ఈ స్థలంలో పుట్టిన ఆదాయంపై మొదటి హక్కు ఈ స్థలానిదే. కావున వసూళ్లలో నిర్ణీత భాగం ప్రత్యేక నిధిలో జమకావాలి. తోటమాలుల జీతాలు, బావుల పూడికతీత, ఏటేటా గుంబదుల మొలకల ఏరివేత, సున్నపు మేస్త్రీలకు సంవత్సరంలో కొన్ని నెలలైనా పని, ఇవి ఆ నిధిపై మొదటి పద్దులు కావాలి. మేస్త్రీకి పదేళ్లకోసారి కాక ఏటా పని దొరికితేనే అతని కొడుకు ఆ విద్య నేర్చుకొంటాడు.

టిక్కెట్టు ఒక్కటే చాలదు. వ్యాధులు ప్రబలి సందర్శకులు రాకపోతే ఏమవుతుందో 2020లో లోకమంతా చూచింది. మూలధనం ఒకటి ఉండాలి. నగదును వక్ఫ్ చేయవచ్చునా అన్న చర్చ మన పండితులలో పాతదే. ఇమాం జుఫర్ శిష్యుడు అన్సారీ దానిని అనుమతించారు. పదహారవ శతాబ్దపు ఉస్మానీ సామ్రాజ్యంలో షేఖుల్ ఇస్లాం అబుస్సఊద్ దానిని సమర్థించగా, బిర్గివీ తీవ్రంగా వ్యతిరేకించారు. వడ్డీతో నడిచే నిధిని మన పాఠకులలో ఎక్కువమంది అంగీకరించరు, అంగీకరించనక్కరలేదు కూడా. దాతల మూలధనంతో ఆవరణకు వెలుపల దుకాణాలు, విశ్రాంతి గృహం, వాహనాలు నిలిపే చోటు నిర్మించి అద్దెకిస్తే, అది వడ్డీ దోషం లేని ఆదాయం. షాజహాను బజారులు, సరాయిలు చేసిన పని అదే.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి తోట 1997 - 2003 మధ్య పునరుద్ధరింపబడింది. దాని పక్కనే 2018లో ప్రజలకు తెరచిన సుందర్ నర్సరీలో వారాంతపు సంతలు నడుస్తున్నవి, పిల్లలు ఆడుకొంటున్నారు. సమాధి ఆవరణలో సాగరాని సందడికి పొరుగున చోటు దొరికింది. గోలకొండలో కూడా గోరీలకు దూరంగా ఉన్న నేలలో మొక్కల పెంపకం, పండ్ల విక్రయం సాగించవచ్చు. పెళ్లి విందులు, పాటకచేరీలు, సినిమా చిత్రీకరణలు మాత్రం గోరీల నడుమ ఎంత డబ్బు తెచ్చినా కూడదు. మూలాన్ని కాపాడడానికే ఆదాయం. ఆదాయం కోసం మూలపు మర్యాదను అమ్ముకోవడం నియమాన్ని తలక్రిందులు చేయడమే.

వీటన్నిటికన్న ముఖ్యమైనది లెక్క. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎందుకు ఖర్చయింది అన్నది ఏటా తెలుగులోను, ఉర్దూలోను ప్రకటించి ద్వారం వద్ద అంటించాలి. మన ఖబ్రస్తాన్ల నిర్వహణలో కూడా కొరవడుతున్నది చాలవరకు ధనం కాదు, ఈ లెక్కయే. లెక్క చూపనిచోట దాత చేయి వెనుకకు పోతుంది.

6. ఒక ఆక్షేపణ

గోరీలకు గచ్చు పూయడాన్ని, వాటిపై కట్టడాలు కట్టడాన్ని హదీసు నిషేధిస్తుండగా, గుంబదుల కోసం ఇంత ఆరాటమెందుకని కొందరు అడుగుతారు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఈ వంశాన్ని అంతం చేసిన ఔరంగజేబు ఖుల్దాబాదులో ఆకాశమే కప్పుగా సాదా గోరీలో ఉన్నాడు. అతని బందీగా మరణించిన తానీషా కూడా ఆ ఊరి మట్టిలోనే కలిశాడు. గోలకొండ వైభవంకన్న ఖుల్దాబాదు నిరాడంబరత షరీఅత్‌కు దగ్గరన్నది నిజం.

కాని కొత్తగా గుంబదు కట్టడం వేరు, వారసత్వంగా వచ్చినదానిని కూలిపోనీయడం వేరు. ఇక్కడ గుంబదులతో పాటు 23 మసీదులున్నవి, బావులున్నవి, చెట్లున్నవి, మృతుల శరీరాలున్నవి. వాటి గౌరవం మన బాధ్యత. నాటిన చెట్టునుండి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తిన్నదంతా నాటినవానికి దానంగా వ్రాయబడుతుందని మరొక హదీసు తెలుపుతున్నది. ఆక్షేపించేవారు గుంబదును మెచ్చనక్కరలేదు. తోటకు నీరు పోయడానికి వారికీ అభ్యంతరం ఉండదు.

7. ముగింపు

గోలకొండ పునరుద్ధరణను మరమ్మతుగా చూస్తే అది ఉన్నతమైన పని. ఇమారత్‌గా చూస్తే ఇంకా మొదటి అడుగు మాత్రమే. గచ్చు తాజాగా ఉన్న ఈ కొద్ది ఏళ్లలోనే ఖర్చు తక్కువ, సందర్శకుల ఉత్సాహం ఎక్కువ. నిధిని కూడబెట్టవలసిన కాలం ఇదే. పగుళ్లు కనబడిన తరువాత కూడబెట్టబోతే ఆలస్యమవుతుంది. నిర్వహణ ఖర్చులు పోగా ఏనాడైనా మిగులు ఏర్పడితే, దాని వినియోగం కోసం వెదకనక్కరలేదు. ఈ ద్వారం వద్ద ఒకనాడు సాయంకాలం నాలుగు గంటలకు పేదలకు అన్నం పెట్టేవారు. ఆ పొయ్యి మళ్లీ వెలిగిననాడు ఈ తోట ఆబాదయిందని నిస్సందేహంగా చెప్పవచ్చు.